పగడాలకు పనికిరాని నీళ్ళు

మా చెల్లె వెలిమెలలో కొనుక్కున్న ఫ్లాటుకు మొన్న వెళ్ళినప్పుడు ఎదురింటి తలుపు తెరిచి ఉంది. లోపల గోడ పొడవునా ఒక గాజు తొట్టి, దాని నిండా నీలం వెలుగు. చూడగానే నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. ఆ ఇంటి కోడలికి ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. ఫోను మీద ఏదో నొక్కి నీళ్ళ కదలిక ఆపేసి, పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంతో నారింజరంగు పువ్వుల మధ్య ఏదో మెల్లగా వదులుతోంది. "రండి ఆంటీ, పగడాలకు తిండి పెడుతున్నా" అంది. చెల్లె నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, అవి పూలు గావంట. పాణమున్నయంట" అని గొప్పగా చెప్పింది. నాకు తెలుసని అనలేదు. పచ్చిరొయ్య వాసన, దాని వెనకే ఉప్పునీళ్ళ వాసన. మా ఇస్నాపూర్ ఇంటి పైగదిలో కొన్ని నెలలపాటు ఇదే వాసన ఉండేది. చెల్లెకు అప్పుడు నాలుగేళ్ళు, దానికేమీ గుర్తులేదు. నేను ఇంటర్ పూర్తిచేసి, సంగారెడ్డిలో డిగ్రీలో చేరడానికి ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఆ వాసన సంగతి తేల్చమని మా బాపు నన్నే పంపాడు.

మా ఇంటి వెనక బావి ఉండేది. నాకు ఊహ తెలిసేనాటికే దాని నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ముందు బర్రెలు మూతి పెట్టడం మానేశాయి, తరువాత మడిలో నారు ఎర్రబడింది. సాయంత్రమైతే గాలి కంపెనీల వైపునుంచి తిరిగేది. మా నాయనమ్మ గడపలో కూర్చుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది కుళ్ళిన కోడిగుడ్ల కంపెనీ, ఇగ ఇది మందుగోళీల కంపెనీ" అని ఒక్కో వాసననూ ఒక్కో కంపెనీ పేరున చెప్పేది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. వ్యవసాయం సాగక బాపు కొంత భూమి అమ్మి, ఇంటిమీద నాలుగు గదులు కట్టి కిరాయికిచ్చాడు. ఇంటి ముందు బోరు వేయించాడు. ఆ బోరు పడిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. నీళ్ళు తెల్లగా, చల్లగా, అద్దంలా ఉన్నాయి. బాపు దోసిట పట్టి తాగి, మా అందరిచేతా తాగించి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ తరువాత ప్రతి శుక్రవారం అమ్మ బోరు గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. పోయిన బావి తిరిగొచ్చినట్టే ఉండేది మా బాపుకు. వేరే ఇళ్ళలో గదులు ఖాళీగా ఉన్నా మా గదులు నిండడానికి కారణం ఆ నీళ్ళేనని చెప్పుకునేవాడు. తన బోరు గురించి ఎవరైనా మంచిమాట అంటే వాళ్ళకు చాయ్ తాగించేదాకా వదిలేవాడు కాదు.

ఆ మనిషికి ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. అదేమీ పుట్టుకతో వచ్చింది కాదు. బావి పాడైనప్పుడు, ఏమీ కాదు, వానాకాలం పోతే నీళ్ళు తేటబడతాయని పెద్ద పెద్ద మనుషులే వచ్చి చెప్పి పోయారు. పైగా ముందటి ఏడు మా వీధి చివర ఒకాయన ఇల్లు కిరాయికిస్తే, దిగినవాళ్ళు లోపల దొంగచాటుగా మత్తుమందు తయారుచేశారు. పోలీసులు వాళ్ళతోపాటు ఇంటాయననూ జీపెక్కించారు. ఆయన తిరిగొచ్చాక వీధిలోకి రావడమే మానుకున్నాడు. అప్పటినుంచి బాపు మెట్లకింద కుర్చీ వేసుకుని, పైకెక్కే ప్రతి సంచీనీ చూసేవాడు. ఎవరి గది ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో చూసి, ఎక్కువుంటే ఎవరొచ్చారని అడిగేవాడు. నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునే పిల్లలను కూడా లేపి మరీ అడిగేవాడు.

అలాంటి ఇంటికి రత్నంగారు వచ్చారు. అరవై దాటిన మనిషి, సన్నగా, కళ్ళద్దాలకు దారం కట్టుకుని. కోస్తా నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికొచ్చి, ప్రభుత్వ కర్మాగారంలో బాయిలర్లలోకి వెళ్ళే నీళ్ళను పరీక్ష చేసే పనిలో జీవితమంతా గడిపారు. భార్య పోయింది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. గోనెపట్టాలు చుట్టిన పెద్ద సామానొకటి నలుగురు కూలీలు మోసి ఆఖరి గదిలో పెట్టారు. గాజు బీరువా అనుకున్నాం. వారం తిరక్కుండానే ఆయన కిటికీలకు లోపలినుంచి అట్టకాగితాలు అంటించేశారు. సాయంకాలమైతే ఆ కాగితాల సందుల్లోంచి నీలం వెలుగు కనబడేది. పగలూ రాత్రీ ఏదో మోటారు సన్నగా మూలిగేది. కరెంటు పోయి ఆ మూలుగు ఆగిందంటే చాలు, చెంబుతో నీళ్ళు ముంచి పోస్తున్న చప్పుడు మొదలయ్యేది. మళ్ళీ కరెంటు వచ్చేదాకా, గంటైనా రెండు గంటలైనా, అది ఆగేది కాదు. మూడు రోజులకోసారి పటాన్‌చెరు నుంచి ఆటోలో నీళ్ళ డబ్బాలు వచ్చేవి. ఇంగ్లీషు అక్షరాల సంచులు, చిన్న చిన్న సీసాలు, ఒకసారి ఒక కవరు నిండా సిరంజీలు.

"సూసినవా?" అన్నాడు బాపు అన్నం తింటూ. "కింద మన బోరు ధారగ నీళ్ళు పోస్తుంటే గాయన పటాన్‌చెరు కెళ్ళి డబ్బాలల్ల తెప్పించుకుంటుండు. ఎందుకంటవ్?"

"తాగుతందుకేమో" అంది అమ్మ.

"ఆటో ఆయన్ని అడిగిన. గవి బ్యాటరీలల్ల పోసే నీళ్ళంట. మనిషన్నోడు బ్యాటరీ నీళ్ళు తాగుతడా? ఇంట్ల ఇన్వర్టర్ లేదు, బయట బండి లేదు."

నాయనమ్మ మూలనుంచి, "నీసు వాసనొస్తలేదా? చేపలేమన్న పెంచుతుండేమో" అంది.

"చేపలైతే దాచుడెందుకే? కాయితాలెందుకు అతికిచ్చిండు? సిరంజీలెందుకు?" అని, బాపు నా వైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నవు. ఆ సీసల మీద ఏం రాసుందో సూసి రా. వీధి చివరాయన లెక్క జీపెక్కే ఓపిక నాకు లేదు."

ఆ ఆదివారం బొంతపల్లి వీరభద్రుడి దగ్గరికి వెళ్ళొచ్చాం. ప్రసాదం గిన్నె పట్టుకుని పొద్దుగూకే వేళకు పైకెక్కాను. తలుపు దగ్గరగా వేసుంది, గడియ లేదు. తోసి చూస్తే గదంతా నీలంగా ఉంది. రత్నంగారు బనీనుతో వంగి నిలబడి, సిరంజి పట్టుకున్న చేతిని మోచేతిదాకా నీళ్ళలో ముంచి ఉన్నారు.

"తలుపు మెల్లగా వెయ్యమ్మా" అన్నారు తల తిప్పకుండానే. "అదిరితే మూసుకుపోతాయి."

"ఏంది సార్ గవి?"

"పగడాలు."

"పగడాలంటే రాళ్ళు గదా?"

"రాయి వాటి ఇల్లమ్మా. లోపల కాపురముండేవి ఇవి. దగ్గరికి రా, చూద్దువుగాని."

ఆ సాయంత్రం ఆయన చేసిందంతా ఇప్పటికీ వరసగా చెప్పగలను. ముందు మోటారు ఆపారు. రొయ్యను మెత్తగా నూరి, ఆ రసం నాలుగు చుక్కలు నీళ్ళలో వదిలి, కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. మొదట అవి వట్టి నారింజరంగు గుండీల్లాగే ఉన్నాయి. పావుగంటకు ఒక్కో గుండీ అంచునుంచి సన్నని వేళ్ళు బయటికొచ్చాయి. చూస్తుండగానే ఆ రాయంతా బంతిపువ్వుల్లా విచ్చుకుంది. ప్రతి పువ్వు మధ్యా ఒక నోరు. సిరంజితో ఒక్కో నోటి దగ్గర ఆవగింజంత రొయ్యముక్క వదిలితే, వేళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి ముడుచుకునేవి. తొట్టిలోనే ఒక ఎర్రచారల రొయ్య ఉండేది, అది వచ్చి నోట్లో ముద్ద లాక్కుపోయేది. దాన్ని ఆపడానికి ఆయన ఒక ప్లాస్టిక్ సీసాను సగానికి కోసి పగడాల మీద గొడుగులా బోర్లించి, మూతి సందులోంచి తినిపించారు. "అన్నీ ఒకటే రాయిమీద ఉన్నాయి కదా అని ఒకదానికి పెట్టి ఊరుకోకూడదు. ప్రతి నోటికీ విడిగా పెట్టాల్సిందే" అన్నారు. పట్నంలో చేపల దుకాణంలో తిండిలేక చచ్చిపోతుంటే తెచ్చుకున్నారట. సముద్రం పక్కన పుట్టి, ఇన్నేళ్ళూ బాయిలర్ నీళ్ళే చూశానని, ఇంట్లోనైనా కాస్త ఉప్పునీళ్ళు ఉండాలని, భార్య బతికున్నప్పుడే మొదలుపెట్టారట. ఎండ పడితే తొట్టిలో నాచు పెరుగుతుందని కిటికీలకు కాగితాలు వేశారట. బ్యాటరీ నీళ్ళలో ఏ మలినమూ ఉండదని, వాటిలోనే ఆ సంచుల్లో వచ్చే సముద్రపు ఉప్పు కలిపి తొట్టిలో పోస్తారట. అన్నీ అడక్కుండానే చెప్పారు. అడక్కుండా ఇంత చెప్పే మనిషి ఏదో ఒకటి దాస్తాడని నాకు అప్పుడే అనిపించింది. బాపు కూతుర్ని మరి.

కిందికొచ్చి చెబితే బాపు నమ్మలేదు. "పగడాలు బంగారం దుకాణంల ఉంటయి. పాణమున్నయని చెప్పిండా? పిల్లవని నీకు కథలు చెప్పిండు. నువ్వు రోజూ పో. ఏం పోస్తుండు, ఏం తీస్తుండు, అన్నీ సూడు." అట్లా నేను రోజూ సాయంత్రం వేగు చూసే పని మీద పైకెక్కేదాన్ని. ఎక్కినదాన్ని సిరంజి పట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి చెయ్యి వణక్కుండా అన్ని నోళ్ళకూ నేనే తినిపించేదాన్ని. కానీ నా కళ్ళు మాత్రం అలమర మీదే ఉండేవి. ఒక విషయం నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. ఆయన తాగడానికి కూడా డబ్బా నీళ్ళే వాడేవారు. మా బోరు నీళ్ళు బకెట్లు కడగడానికి, స్నానానికి మాత్రమే. నేను ఎన్నిసార్లు కింది నుంచి బిందె నింపి తెస్తానన్నా "ఎందుకమ్మా శ్రమ" అని మాట మార్చేవారు.

తొట్టి పక్కన దారంతో ఒక నోటుబుక్కు వేలాడేది. నీళ్ళను చిన్న గాజుగొట్టంలో పట్టి, చుక్కలు వేసి, వచ్చిన రంగు చూసి అందులో రాసుకునేవారు. ఒకరోజు ఆయన రొయ్యలు కడగడానికి వరండాలోకి వెళ్ళినప్పుడు మొదటి పేజీ తిప్పాను. గుండ్రటి అక్షరాలు. "కింది బోరు నీళ్ళలో ఉప్పు కలిపి పెట్టిన పగడం ముక్క. మొదటి రోజు, ముడుచుకుంది. రెండో రోజు, కరిగిపోయింది."

ఆయన లోపలికొచ్చేసరికి బుక్కు నా చేతిలోనే ఉంది.

"ఇదేంది సార్?"

ఆయన గిన్నె కింద పెట్టారు. "దిగిన కొత్తలో చూశానమ్మా. డబ్బాలు మొయ్యడం కష్టం కదా, ఇక్కడి నీళ్ళు సరిపోతాయేమోనని."

"సరిపోలే."

"సరిపోలేదు."

"మేము రోజూ గవే తాగుతున్నం సార్. మా చెల్లెకు నాలుగేండ్లు."

ఆయన బనీనుకు చేతులు తుడుచుకున్నారు. "ఇవి మనకంటే చాలా సున్నితం. ఇవి చచ్చిపోయినంత మాత్రాన మనిషికేదో అవుతుందని కాదు" అన్నారు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపి, "చుక్కలు వేసి కూడా చూశాను. నా పరీక్షలో తెలిసేవి కొన్నే. ఆ కొన్నే బాగాలేవు" అన్నారు.

"నాలుగు నెలలాయె. ఎందుకు చెప్పలే?"

"మూడిళ్ళు తిరిగానమ్మా. ఈ తొట్టి చూసి ఎవరూ ఇల్లివ్వలేదు. చెబితే మీ నాన్నగారు ఖాళీ చెయ్యమంటారు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ..." నాకు ఆయన మీద జాలి కలగలేదు. మా ఇంట్లో అందరి అనుమానమూ తప్పేనని, ఆయన దాచింది మాత్రం నిజమేనని తెలిసి ఒళ్ళు మండింది. ఆ రోజు పగడాలకు తిండి పెట్టకుండానే దిగొచ్చేశాను.

రాత్రి అన్నాల దగ్గర అంతా చెప్పేశాను. బాపు కంచం ముందునుంచి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. మెట్లెక్కుతుంటే వెనకే నేనూ, అమ్మా వెళ్ళాం.

"ఎవరు పంపిండ్రు నిన్ను?" అన్నాడు గదిలో అడుగుపెట్టగానే. అంతవరకు సార్, మీరు అన్న మనిషి.

"ఎవరూ పంపలేదండీ అంజయ్యగారూ."

"మన వీధిల గదులు ఖాళీగున్నోళ్ళు పంపిండ్రా? జాగ సస్తగ కొట్టేద్దామని బ్రోకర్లు పంపిండ్రా? నా బోరు మీద మాట పడితే ఎవరికి లాభమో నాకు తెల్వదా?"

"నా మాట నమ్మొద్దండీ. ఒక సీసాలో పట్టి మీరే ఎక్కడైనా చూపించండి."

"నా నీళ్ళు నేనెందుకు సూపియ్యాలె? నా పిల్లలు తాగుతుండ్రు, నా తల్లి తాగుతుంది. రేపు పొద్దుగూకేవరకు ఖాళీ చెయ్యాలె."

రత్నంగారు తొట్టి వైపు చూశారు. "మూడు రోజులివ్వండి. ఒకేసారి కదిపితే బతకవు."

"రేపు" అన్నాడు బాపు.

మర్నాడు ఎండ మండిపోతోంది. మూతలున్న బకెట్లు ఒక్కొక్కటే ట్రాలీ ఆటో ఎక్కుతుంటే నేను కిటికీ వెనక నిలబడి చూశాను. బాపు కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆఖరున మంచినీళ్ళు ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. చెంబు చేతిలో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాక గానీ, అవి ఏ నీళ్ళో నాకు తట్టలేదు. ఆయన చెంబు అందుకున్నారు. బాపు చూస్తుండగా తాగారు. "ఇవాళ వాటికి తిండి పెట్టలేదమ్మా. కుదుపుకి కక్కేస్తాయి" అని నాతో మాత్రమే చెప్పి ఆటో ఎక్కారు.

మూడు వారాల తరువాత అమ్మ అంగడికని నన్ను పటాన్‌చెరు తీసుకెళ్ళింది. కూరగాయల వైపు తిరగలేదు. ఆయన జాడ అక్కడే తెలుస్తుందని, బ్యాటరీ నీళ్ళు అమ్మే దుకాణమేదని అడుగుతూ వెళ్ళింది. దాని వెనక ఒక్క గదిలో ఉన్నారు రత్నంగారు. తొట్టి కనబడలేదు, దించేటప్పుడు పగిలిందట. ఒక ప్లాస్టిక్ టబ్బులో ఆ నారింజరంగు రాయి మాత్రం ఉంది, సగం బోడిగా, తెల్లగా. అమ్మ సంచీలోంచి ఒక సీసా తీసింది. పొద్దున బోరు దగ్గర ఆమె దాన్ని నింపడం నేను చూడనే లేదు.

"అన్నా, ఇవి జెర సూడుండ్రి" అంది.

ఆయన సీసా అందుకున్నారు. గాజుగొట్టంలో పట్టి చుక్కలు వేశారు. పక్కనే టబ్బు నీళ్ళకూ వేశారు. టబ్బు నీళ్ళు లేత పసుపులో ఆగిపోయాయి. మావి నారింజ దాటి, ఎరుపు దాటి, పాత చింతపండు రంగుకు వచ్చాయి.

"పిల్లలకు పొయ్యొచ్చునా?"

"వద్దమ్మా."

"ఆయనకు?"

"ఎవరికీ వద్దు. నేను ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

అమ్మ సీసాకు మూత బిగించింది. ఆమె కూడా ఆయనను పూర్తిగా నమ్మిందని చెప్పలేను. ఆ చుక్కలు ఆయనవే, ఆ సీసాలు ఆయనవే. మా వీధి మలుపులోని సర్కారు నల్లా నీళ్ళు కూడా ఇంకో సీసాలో తెచ్చిందామె. అది చివరికి బయటికి తీసి, "ఇవి సుతం సూడుండ్రి" అంది. అవి పసుపులోనే ఉండిపోయాయి. అప్పుడు అమ్మ కుదుటపడి, టబ్బులోకి తొంగిచూసింది. "గివేనా? బువ్వ తింటయా?" అంది. రత్నంగారు సిరంజి ఆమె చేతికిచ్చారు. మిగిలిన నాలుగైదు నోళ్ళలో ఒకటి ముద్ద అందుకుని ముడుచుకోగానే అమ్మ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మో, పట్టుకున్నదే" అని, పక్కదానికి కూడా పెట్టింది. వచ్చే నెల మళ్ళీ వెళితే గదికి తాళం ఉంది. సొంతూరు వెళ్ళిపోయారని దుకాణమాయన చెప్పాడు. ఆ రాయి ప్రయాణంలో బతికిందో లేదో మాకు తెలియదు.

ఆ అంగడి రోజునుంచి మా ఇంట్లో తాగే నీళ్ళు మారాయి. వీధి మలుపులో నల్లా దినం విడిచి దినం వచ్చేది, అదీ బాపు చాయ్ హోటల్‌కు వెళ్ళే వేళకే. అమ్మ రెండు బిందెలు తెచ్చి కుండ నింపి, పాత నీళ్ళు వంకాయ మొక్కలకు పోసేది. నాకూ, నాయనమ్మకూ తెలుసు. బాపుకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కొన్నేళ్ళకు ఆఫీసర్లు వచ్చి వీధిలో బోర్లన్నిటి నీళ్ళూ సీసాల్లో పట్టుకుపోయారు. మళ్ళీ వచ్చి, తాగొద్దని చెప్పి బోరు గొట్టానికి ఎర్ర రంగు వేశారు. బాపు వాళ్ళ ముందే ఇంట్లోకొచ్చి కుండలోంచి పెద్ద గ్లాసు ముంచి, గడపలో నిలబడి గటగటా తాగి చూపించాడు. "నాకేమైంది?" అన్నాడు. అమ్మ తలుపు వెనక నిలబడి నేల చూస్తూ ఉంది.

ఇప్పుడా గదులు పది అయ్యాయి, చూసుకునేది నేను. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన పిల్లలుంటారు. ఆధార్ కాగితాలు తీసుకుంటాను. గేటు మీద కెమెరా పెట్టించాను, ఎక్కడున్నా ఫోనులో మెట్లు కనబడతాయి. ఎవడైనా కొత్తరకం సంచీ మోసుకొస్తే నా వేలు తెలియకుండానే బొమ్మను పెద్దది చేస్తుంది. మా బాపు కనీసం కుర్చీలో ఎదురుగా కూర్చునేవాడు, ఆయన చూస్తున్నాడని వాళ్ళకు తెలిసేది. ఇప్పుడు ప్రతి అంతస్తుకూ నీళ్ళు శుద్ధిచేసే మిషను ఉంది, దాని మీద పచ్చలైటు వెలుగుతుంది. ఆ లైటును అందరం నమ్ముతాం. లోపల ఏముందో తీసి చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. బాపు పోయి నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే జబ్బు చెయ్యకుండా పోయాడు.

వెలిమెల నుంచి వచ్చిన రోజు సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను. "గంత అనుమానం మనిషి. అన్నేండ్లు ఆయనకు తెల్వకుండ ఎట్ల దాచినవమ్మా?" అని అడిగాను.

"ఎక్కడ దాచిన?" అంది అమ్మ చేతులాపకుండా. "గా మొదటి ఎండకాలమే నల్లా నాలుగు దినాలు రాలే. ఇగ చేసేదేం లేక మీకు పక్కింట్ల అడుక్కొచ్చి, ఆయనకు మాత్రం బోరు నీళ్ళే పోసిన. అన్నంల కూసొని ఒక్క బుక్క తాగిండు. గ్లాసు కింద పెట్టి, 'ఇయ్యాల నల్లా రాలేదా?' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"రాలే, రేపొస్తదేమో అన్న."

"మల్ల?"

"మల్లేముంది. పెరుగెయ్యమన్నడు."